జూలై చివరలో కరీబియన్: పెద్దవాళ్లతో, పిల్లలతో ఏ దీవి మేలు?

డాలస్_గోదారి
జూలై ఆఖరి వారంలో కరీబియన్ దీవుల్లో ఏదో ఒకదానికి వెళ్లాలని మా ఇంట్లో తీర్మానమైంది కానీ, ఏ దీవి అన్న దగ్గర మాత్రం ఎవరి పట్టు వారిదిగా ఉంది. నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డులున్నాయి, పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలవి పదేళ్ల బీ2 (సందర్శకుల) వీసాలు. నాన్నగారికి మోకాళ్లు సహకరించవు, అమ్మ కోడిగుడ్డు పడిన గిన్నె కూడా ముట్టుకోదు, పిల్లలకు నీళ్లు కనిపిస్తే తిండీ నిద్రా అక్కర్లేదు. గది, భోజనం, పానీయాలు అన్నీ ఒకే ధరలో వచ్చేస్తాయని నా భార్య డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా అంటోంది. నేను సెయింట్ లూసియాలోని జంట శిఖరాల ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాను. నాన్నగారు క్రికెట్ పుణ్యమా అని జమైకా, బార్బడోస్ తప్ప మూడో పేరు వినడం లేదు. ఆఫీసులో ఒకరు అరూబా అన్నారు. దోపిడీల గురించి, తుపాన్ల గురించి చదివినకొద్దీ భయం పెరుగుతోంది తప్ప స్పష్టత రావడం లేదు. వెళ్లివచ్చినవాళ్లు భద్రత, రిసార్టు, చూడదగిన చోట్లు, ఈ మూడింటినీ పోల్చి చెబితే మేలు చేసినవారవుతారు.

వేపపువ్వు
దీవి కంటే ముందు నెల చూడాలి. అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది, ఉధృతి ఆగస్టు నడుమ నుంచి అక్టోబర్ దాకా ఎక్కువ. జూలైలో ఏం రాదులే అని ధీమాగా ఉండేవాళ్లకు 2024 నాటి బెరిల్‌ను గుర్తు చేయాలి. అది జూలై 1న గ్రెనడాకు చెందిన కారియకూ దీవిని ఛిన్నాభిన్నం చేసి, రెండు రోజులకే జమైకా దక్షిణ తీరాన్ని ఒరుసుకుంటూ పోయింది. బార్బడోస్‌ను నేరుగా తాకకపోయినా అక్కడి చేపల పడవలు పెద్ద సంఖ్యలో విరిగిపోయాయి. అరూబా, బొనేర్, కురసావ్ అనే మూడు దీవులు మాత్రం బాగా దక్షిణాన, వెనిజులా తీరానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి తుపాన్లు సాధారణంగా వాటికి ఉత్తరంగానే సాగిపోతాయి. అసలు రావని కాదు, చాలా అరుదు. జూలై అంటున్నారు కాబట్టి నా మొదటి ఓటు అరూబాకే.

కొబ్బరిలౌజు
అరూబా చూసి కరీబియన్ చూశామని చెప్పుకోవడం న్యాయం కాదు. అక్కడ అడవి లేదు, జలపాతం లేదు, ఎటు చూసినా నాగజెముడు జాతి మొక్కలు, ఎర్ర రాళ్లు, ఆగని గాలి. అనంతపురానికి సముద్రం తెచ్చిపెట్టినట్టు ఉంటుంది.

కదిరి_కుర్రాడు
మా ప్రాంతానికి సముద్రం వస్తే మేము కాదంటామా? దాన్ని ప్రశంసగానే స్వీకరిస్తున్నాను.

పడమటిగాలి
వేపపువ్వు గారు తుపాను సంగతి చెప్పారు కానీ, వేసవిలో అంతకంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది సర్గాసమ్ అనే సముద్రపు నాచు. వసంతం నుంచి వేసవి చివరి దాకా అట్లాంటిక్ మీదుగా గుట్టలు గుట్టలుగా కొట్టుకువచ్చి, తూర్పు ముఖంగా ఉన్న తీరాల మీద పడి కుళ్లుతుంది. దాని నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన కుళ్లిన కోడిగుడ్డు వాసనే, కాబట్టి మీ అమ్మగారికి రెండింతల కష్టం. పుంటా కానా తీరం తూర్పు వైపే ఉంది. పెద్ద రిసార్టులు సముద్రంలో అడ్డుతెరలు కట్టి, తెల్లవారుజామునే ట్రాక్టర్లతో ఎత్తిపోస్తాయి, అయినా కొన్ని రోజుల్లో నీళ్లు గోధుమ రంగులోనే ఉంటాయి. ఏ దీవిలోనైనా జూలైలో పడమటి తీరం మీద గది తీసుకోవడం తెలివైన పని. అరూబాలోని పామ్ బీచ్, ఈగిల్ బీచ్, బార్బడోస్‌లోని హోల్‌టౌన్ వైపు, జమైకాలోని నెగ్రిల్, ఇవన్నీ పడమటి వైపువే.

డాలస్_గోదారి
ఈ నాచు సంగతి ఏ ప్రయాణాల ఏజెంటూ నాకు చెప్పలేదు. పుంటా కానా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పప్పుచారు_పార్వతి
మేము అత్తమామలతో కలిసి వెళ్లాం. పెద్దవాళ్లున్న కుటుంబానికి అన్నీ కలిసిన రిసార్టు ఎంత సుఖమో అనుభవిస్తే గానీ తెలియదు. చేతికి ఒక పట్టీ కడతారు, ఆ తర్వాత పర్సు ముట్టుకోనవసరం లేదు, పిల్లలు ఎన్నిసార్లు ఐస్‌క్రీమ్ అడిగినా లెక్క చూసుకోనవసరం లేదు. మామగారు గది నుంచి భోజనశాలకు గోల్ఫు బండిలో వెళ్లివచ్చేవారు. శాకాహారం మాత్రం ముందే మాట్లాడుకోవాలి. చిక్కుడు గింజలు చూసి శాకాహారమేననుకుంటాం, అందులో పంది మాంసం వేసి ఉడికించడం అక్కడ మామూలు. మేము దిగిన రోజే ప్రధాన వంటవాడిని కలిసి, మాంసం రసం కూడా తగలకూడదని ఒక కాగితం మీద స్పానిష్‌లో రాసి ఇచ్చాం, ఆయన రోజూ విడిగా అన్నం, కూరగాయలు వండించాడు. కొన్ని రిసార్టుల్లో భారతీయ వంటకాల విభాగం ఉంటుందని ప్రకటిస్తారు, దాన్ని నమ్మి ఆవకాయ ఇంట్లో వదిలి వెళ్లకండి.

రాత్రిబండి
పార్వతి గారు చెప్పని భాగం ఒకటుంది. మేము దిగిన పుంటా కానా హోటల్లో స్వాగత సమావేశం అని పిలిచి, ఉదయం ఫలహారంతో మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు గది వాడుకునే హక్కు) అమ్మజూపారు. మర్యాదగా వద్దంటే మరొకరు, ఆయనకూ వద్దంటే వాళ్ల మేనేజరు వచ్చారు. సెలవుల్లో ఒక పూట పోయింది. ఏ దీవిలోనైనా ఉచితంగా ఏదైనా ఇస్తామంటే దండం పెట్టి పక్కకు తప్పుకోవడం మంచిది.

కొబ్బరిలౌజు
పుంటా కానాలో దేశం కనిపించదు, గోడ లోపలి తోట మాత్రమే కనిపిస్తుంది. డొమినికన్ రిపబ్లిక్ నిజంగా చూడాలంటే సాంటో డొమింగో వెళ్లాలి. యూరప్‌వాళ్లు అమెరికా ఖండాల్లో కట్టిన తొలి కెథడ్రల్ అక్కడే ఉంది, ఆ పాత పట్టణాన్ని 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పుంటా కానా నుంచి రోడ్డు మీద రెండున్నర గంటల ప్రయాణం, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

డాలస్_గోదారి
ఇప్పుడు భద్రత గురించి కూడా ఎవరైనా సూటిగా చెప్పండి. అమెరికా విదేశాంగ శాఖ పేజీ తెరిస్తే అంకెలు కనిపిస్తున్నాయి కానీ, వాటిని ఎలా అర్థం చేసుకోవాలో తెలియడం లేదు.

పడమటిగాలి
ఆ శాఖ ప్రతి దేశానికి 1 నుంచి 4 వరకు ఒక స్థాయి ఇస్తుంది. 1 అంటే మామూలు జాగ్రత్త చాలు, 4 అంటే వెళ్లవద్దు. హైతీ కొన్నేళ్లుగా 4లోనే ఉంది. ఒకే దీవిని పంచుకున్నా పక్కనే ఉన్న డొమినికన్ రిపబ్లిక్ పరిస్థితి పూర్తిగా వేరు. ఆ అంకె దేశం మొత్తానికి వేసిన సగటు మార్కు, కాబట్టి అంకె చూసి ఆగిపోకుండా కింద ఉండే వివరం చదవాలి. ఏ పేటలోకి వెళ్లవద్దో, తమ ఉద్యోగులనే ఎక్కడికి పోనివ్వరో అందులో పేర్లతో సహా రాస్తారు. ఈ స్థాయిలు మారుతూ ఉంటాయి, టికెట్టు కొనేముందు ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి చూసుకోండి.

అయితే రిసార్టులో దిగే కుటుంబాలకు నా దృష్టిలో దొంగల కంటే పెద్ద ప్రమాదం సముద్రమే. మనవాళ్లలో చాలామందికి ఈత రాదు, అయినా నడుము లోతు దాకా వెళ్లి నిలబడి ఫొటోలు దిగుతారు. లోపలికి లాగే ప్రవాహం పట్టుకున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది దాని నుంచి బయటపడాలి. ఎర్ర జెండా ఎగురుతుంటే నీళ్లలో అడుగు పెట్టకూడదు. పుంటా కానాకు ఉత్తరాన ఉన్న మకావ్ బీచ్, బార్బడోస్ తూర్పున ఉన్న బాత్‌షీబా, అరూబా ఉత్తర తీరం, ఇవన్నీ కళ్లకు అందమైనవే కానీ స్నానానికి పనికిరావు. ఈత రాని పిల్లలకు అరూబా దక్షిణ కొసన ఉన్న బేబీ బీచ్ లాంటి చోటు కావాలి. అది అర్ధచంద్రాకారపు మడుగు, చాలా దూరం లోపలికి నడిచినా నీళ్లు పెద్దవాళ్ల నడుము దాటవు. మడుగు నోటి దగ్గర మాత్రం ప్రవాహం ఉంటుంది, అటు పోనివ్వకండి.

మెట్లెక్కనివాడు
సెయింట్ లూసియా గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా మోకాళ్లూ మీ నాన్నగారి మోకాళ్ల లాంటివే. మీరు ఫొటోలో చూసిన ఆ రెండు శిఖరాల పేర్లు గ్రో పితోన్, పెతి పితోన్. 2004లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ చోటు నిజంగానే ఫొటోకు ఏమాత్రం తీసిపోదు. కానీ పెద్ద విమానాలు దిగే హెవనోరా విమానాశ్రయం దీవి దక్షిణ కొసన ఉంది, రిసార్టుల్లో అధిక భాగం ఉత్తరాన రాడ్నీ బే వైపు ఉన్నాయి. మధ్యలో ఉన్నది గంటన్నర కొండదారి, ఒక మలుపు అయ్యేలోగా ఇంకోటి వస్తుంది. మా వెనక సీట్లో కూర్చున్న మా చెల్లెలు సగం దారిలో బండి ఆపించి, అరటితోట పక్కన రాయి మీద కూర్చుని మళ్లీ ఎక్కనని మొరాయించింది. ఇక శిఖరాల దగ్గరి రిసార్టులు కొండవాలు మీద కట్టినవి, గది నుంచి సముద్రానికి దిగాలంటే మెట్లు, ఎక్కాలంటే అవే మెట్లు. సూఫ్రియేర్ దగ్గర గంధకపు ఊటల దాకా మాత్రం కారు వెళుతుంది, బురద మరుగుతుంటే దగ్గర నుంచి చూడవచ్చు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆ దీవిని మించినది లేదు. మీ జట్టుకు వద్దు.

పాతబంతి
నాన్నగారి పక్షాన నేను మాట్లాడతాను. బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లోనే 2024 జూన్ 29న మనం దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచ కప్పు గెలిచాం. చివరి ఓవర్లో సూర్యకుమార్ బౌండరీ తాడు దగ్గర క్యాచ్ పట్టినదీ, రోహిత్ పిచ్ మీది మట్టి తీసి నోట్లో వేసుకున్నదీ అక్కడే. క్రికెట్ ఇష్టమున్న పెద్దాయనకు సముద్రం కంటే ఆ గ్యాలరీలో పది నిమిషాలు కూర్చోవడమే ఎక్కువ. జమైకాలోని సబీనా పార్కు మైదానం కింగ్‌స్టన్‌లో ఉంది, రిసార్టులేమో దీవికి రెండో వైపు మాంటెగో బేలో ఉన్నాయి, కాబట్టి క్రికెట్ కోసం జమైకా లెక్క కుదరదు.

బార్బడోస్‌లో మోకాళ్లకు అనుకూలమైన విషయం మరొకటి ఉంది. హారిసన్స్ కేవ్ అనే సున్నపురాతి గుహ లోపలికి ట్రామ్ బండిలో కూర్చోబెట్టి తీసుకువెళ్తారు. ఇద్దరు మనుషుల ఎత్తున్న సున్నపు స్తంభాలు, కింద పచ్చటి నీటి మడుగు, అన్నీ సీటులోంచే కనిపిస్తాయి. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం కాబట్టి ధరలు లెక్కగట్టడం తేలిక. ధరలు చూసి కళ్లు తిరగడం వేరే విషయం.

వేపపువ్వు
అక్కడ సైనికుల దుస్తుల డిజైను ఉన్న బట్టలు వేసుకోవడం చట్టవిరుద్ధమని కూడా చెప్పండి. చిన్నపిల్లలకూ మినహాయింపు లేదు. జమైకా, సెయింట్ లూసియా, ట్రినిడాడ్‌లలోనూ ఇదే నియమం. పిల్లల సంచుల్లో అలాంటి నిక్కర్లు, టోపీలు ఉంటే బయటికి తీసేయండి.

రాత్రిబండి
డాలస్ నుంచి కాబట్టి ఇంకొకటి చెబుతాను. టర్క్స్ అండ్ కైకోస్ వెళ్లేవాళ్లు తుపాకీ సాధన చేసే షూటింగ్ రేంజికి తీసుకువెళ్లిన సంచి వాడితే అడుగుబొడుగు జేబులన్నీ దులిపి చూసుకోవాలి. సంచి మూల మరచిపోయిన తూటాలు దొరికినందుకు 2024లో కొందరు అమెరికా పర్యాటకులు అక్కడ అరెస్టయ్యారు, ఆ నేరానికి అప్పటి చట్టంలో కనీస శిక్షే 12 ఏళ్లు.

పప్పుచారు_పార్వతి
జమైకాను మరీ తీసిపారేయకండి. శాకాహారులకు ఆ దీవి చేసే మర్యాద మరే దీవీ చేయదు. రాస్తాఫారీలు అనే అక్కడి మతస్థులు వండే ఇటల్ భోజనంలో మాంసం ఉండదు, ఉప్పు కూడా చాలామంది వేయరు, కొబ్బరి పాలలో గుమ్మడి, బఠాణీ, దుంపలు ఉడికిస్తారు. అక్కడ కాలలూ పేరుతో వడ్డించేది మన తోటకూర జాతే, వేపుడు చేస్తే అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు. 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను అయిదో శ్రేణి బలంతో నైరుతి తీరాన్ని తాకింది, పడమటి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అందువల్ల మీరు ఎంచుకున్న హోటల్లో ఈత కొలను, భోజనశాల, సముద్రతీరం అన్నీ పనిచేస్తున్నాయా అని ఫోను చేసి అడిగి, ఆ జవాబు ఈమెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

స్టాంపు_సుబ్బారావు
డాలస్_గోదారి గారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరే, ఈ చర్చ చదివే హెచ్1బీ (ఉద్యోగ వీసా) వాళ్ల కోసం రాస్తున్నాను. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినా ముప్పై రోజుల లోపు తిరిగి రావచ్చనే సౌకర్యం హెచ్1బీకి కెనడా, మెక్సికోల వరకే ఉంది. ఎఫ్1 (విద్యార్థి), జే1 (ఎక్స్చేంజ్) వీసాల వాళ్లకు క్యూబా మినహా పక్కనున్న దీవులకు కూడా వర్తిస్తుంది. దీన్ని చూసి స్నేహితుడు చదువుకునేటప్పుడు వెళ్లివచ్చాడు కదా అని ఉద్యోగంలో చేరాక మనమూ బయలుదేరితే, తిరుగు విమానం ఎక్కనివ్వరు. స్టాంపు లేనివాళ్లకు అమెరికా పాలనలోనే ఉన్న ప్యూర్టో రికో, అమెరికా వర్జిన్ దీవులు ఉన్నాయి. మధ్యలో విదేశీ రేవు తాకే ఓడ ప్రయాణం మాత్రం పెట్టుకోకండి.

కదిరి_కుర్రాడు
సుబ్బారావు గారు చెప్పినట్టు మేము ప్యూర్టో రికో వెళ్లాం, సర్దుబాటు అనుకుని వెళితే అదే అసలైన సెలవు అయింది. పాత సాన్ హువాన్‌లో ఎల్ మొర్రో కోట మీద నిలబడితే కింద అలలు గోడకు కొట్టుకుంటుంటాయి, ముందున్న పచ్చిక మైదానంలో ఊరివాళ్లు గాలిపటాలు ఎగరేస్తుంటారు. కొబ్బరిలౌజు గారు అడిగిన అడవి, జలపాతం రెండూ ఎల్ యుంకేలో ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో వ్యవసాయ శాఖవాళ్లు సామాను తనిఖీ చేస్తారు, మామిడిపళ్లు తేనివ్వరు. మా ఆవిడ వరుస పక్కన నిలబడి ఉన్న పళ్లన్నీ తినేసింది.

స్టాంపు_సుబ్బారావు
వర్జిన్ దీవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కస్టమ్స్ అధికారులు కాగితాలు చూస్తారు. పాస్‌పోర్టు, ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలో ఉండే గడువు చూపే పత్రం) దగ్గర ఉంచుకోండి. వాటిలోని సెయింట్ జాన్ దీవిలో సగానికి పైగా జాతీయ ఉద్యానవనమే, ట్రంక్ బే చూశాక వేరే బీచ్ ఆనదు. బండి నడపడం మాత్రం వింత, ఎందుకంటే రోడ్డుకు ఎడమ వైపు నడపాలి, స్టీరింగు మాత్రం అమెరికా కార్లలో లాగానే ఎడమ వైపే ఉంటుంది.

పాతబంతి
బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియాలలో కూడా ఎడమ వైపే, కానీ స్టీరింగు కుడి వైపు. విజయవాడలో కారు నేర్చుకున్నవాడికి పాత అలవాటు వెంటనే తిరిగి వస్తుంది. అరూబాలో అమెరికాలో లాగే కుడి వైపు.

కొబ్బరిలౌజు
ట్రినిడాడ్‌ను ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంది. 1845 మే 30న ఫటెల్ రజాక్ ఓడలో మొదటి భారతీయ కూలీలు అక్కడ దిగారు, ఆ రోజు ఇప్పటికీ అక్కడ సెలవు. వాటర్‌లూ దగ్గర సముద్రంలో కట్టిన గుడి, కారపిచైమాలోని దత్తాత్రేయ ఆలయం ముందు 85 అడుగుల హనుమంతుడు, రోడ్డు పక్కన శనగల కూర పెట్టి ఇచ్చే డబుల్స్ అనే రొట్టెలు, ఇవన్నీ మీ అమ్మానాన్నలకు నచ్చే విషయాలు. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి భక్తులు మీ ఇంట్లో ఉంటే ఆ ఆలయం సంగతి వాళ్లకే తెలిసి ఉంటుంది.

పడమటిగాలి
గుళ్ల మాట నిజమే కానీ, ముఠా హత్యల కారణంగా 2024 డిసెంబర్‌లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. బంధువులో పరిచయస్థులో ఉంటే వెళ్లవచ్చు, పిల్లలతో తొలి కరీబియన్ యాత్రకు మాత్రం నేను సలహా ఇవ్వను.

కొబ్బరిలౌజు
పరిచయస్థులు లేకుండానే వెళ్లాం, పగలు తిరిగి, చీకటి పడకముందే బసకు చేరాం, ఏ ఇబ్బందీ కలగలేదు. మన ఊళ్లలోనూ అంతే కదా.

పడమటిగాలి
మీకు ఇబ్బంది కలగలేదన్నది మీ అనుభవం, ఆయన ఇద్దరు పెద్దలను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తున్నారు. ఈ విషయంలో మనం ఏకీభవించం.

డాలస్_గోదారి
అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో చదివి వినిపించాను. సెయింట్ లూసియా మెట్ల దగ్గర, పుంటా కానా నాచు దగ్గర ఆగిపోయాయి. పోటీ అరూబాకూ బార్బడోస్‌కూ మధ్య మిగిలింది. నాన్నగారు ఇంకా ఓవల్ అంటూనే ఉన్నారు. అరూబాలో అమ్మ భోజనం, వీసాల సంగతి ఎలా?

వేపపువ్వు
అరూబాలో అన్నీ కలిసిన రిసార్టులు తక్కువ, వంటగది ఉన్న గదులు చాలా దొరుకుతాయి. ఈగిల్ బీచ్ వైపు అలాంటిదొకటి తీసుకుంటే అమ్మగారు తన కుక్కర్, తన పోపు తానే పెట్టుకోవచ్చు. సముద్రపు నీటిని శుద్ధి చేసి సరఫరా చేస్తారు, కుళాయి నీళ్లే తాగవచ్చు. చూడడానికి అరికోక్ జాతీయ ఉద్యానవనం, లైట్‌హౌసు ఉన్నాయి, పేరుమోసిన సహజ రాతివంతెన 2005లోనే కూలిపోయింది కాబట్టి దాని పేరు చెప్పి డబ్బు అడిగే యాత్రలకు పోకండి. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ అక్కడ నిషేధం. బార్బడోస్‌కు భారతీయ పాస్‌పోర్టుతో పర్యటనకు వీసా అక్కర్లేదు, అరూబాకు చాలాసార్లు వాడుకోగల అమెరికా వీసా చూపితే సరిపోతుంది. వెళ్లేముందు ఆన్‌లైన్ ఫారం నింపాలి.

మెట్లెక్కనివాడు
అమ్మానాన్నలకు అమెరికా కోసం కొన్న విజిటర్ ఇన్సూరెన్సు అరూబాలోనూ, బార్బడోస్‌లోనూ పనిచేస్తుందో లేదో కంపెనీవారిని అడగండి. అత్యవసరంగా విమానంలో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు మనం మోయలేం. ఇంకొకటి, బార్బడోస్ తీరాన చెట్ల కాండానికి ఎర్ర రంగు పట్టీ వేసి కనిపిస్తే దాని కింద కూర్చోకండి. అది మాంచినీల్ చెట్టు. చిన్న పచ్చటి ఆపిల్ పళ్లు ఇసుకలో రాలి ఉంటాయి, పిల్లలు ఏరుకుంటారు. ఆ పండు విషం, పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, వాన పడుతుంటే ఆ ఆకుల మీది నీళ్లు కూడా మీద పడకూడదు.

స్టాంపు_సుబ్బారావు
తిరుగు ప్రయాణం గురించి కూడా వినండి. అరూబా విమానాశ్రయంలోనే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తవుతాయి, డాలస్‌లో దిగాక నేరుగా బయటికి రావచ్చు. అందువల్ల మూడు గంటల ముందే చేరండి, శని, ఆదివారాల్లో వరుస చాలా పొడవుగా ఉంటుంది. అమ్మానాన్నలకు మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్క వేసుకోకండి, పక్క దీవికి వెళ్లి నెల లోపు వచ్చినవాళ్లకు పాత ఐ-94 గడువునే కొనసాగించే అధికారం అధికారికి ఉంది. ఇండియాకు తిరుగు టికెట్టు కాగితం మీద ముద్రించి వాళ్ల చేతికే ఇవ్వండి.

డాలస్_గోదారి
ఈ ఏడాదికి అరూబా ఖాయం చేశాం, ఈగిల్ బీచ్ దగ్గర వంటగదితో రెండు పడకగదులు తీసుకున్నాం. బార్బడోస్ నాన్నగారు వచ్చేసారి వచ్చినప్పుడు, అదీ ఏప్రిల్‌లోపు. ఆవకాయ సీసా చేతిసంచిలో తీసుకువెళ్లవచ్చా?

పప్పుచారు_పార్వతి
వద్దు, భద్రతా తనిఖీలో నూనె ఉన్న పచ్చడిని ద్రవం కిందే లెక్కకట్టి పారేయిస్తారు. రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో, బట్టల మధ్యలో కాకుండా చెప్పుల పక్కన పెట్టండి.